తలకాయ ముక్క నాదే

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు. మా ఇంట్లో పాలు పొంగితే వీధిలో గోదావరికి వరదొచ్చిందని చెబుతాను. బొటనవేలికి రాయి తగిలితే కాలు తీసెయ్యాలేమోనని డాక్టరు ఆలోచిస్తున్నాడంటాను. మా ఫ్యాక్టరీలో నా మాట వినేవాళ్లు ముందు దాన్ని నాలుగుతో భాగించి, ఆ మిగిలినదాన్ని నమ్ముతారు. మీరూ అలాగే భాగించుకోండి, నాకేం బాధ లేదు. ఒక్క రెండు విషయాలు మాత్రం వదిలెయ్యండి. నా ఒంట్లోకి సీసం వచ్చిన మాట, నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిన కొమ్మలా వేలాడిన మాట. వాటిని నేను పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడా చెయ్యి పనిలోకి వచ్చింది కాబట్టి ఆ చేత్తోనే రాస్తున్నాను. సొంతంగా చేపలు పెంచుకుందామనే సరదా ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, కుంటలోకి వచ్చే నీళ్లు ఎవరి పెరట్లోంచి వస్తున్నాయో ఒకసారి పైదాకా నడిచి చూస్తారని ఆశ. ఇప్పటికే నాలాగా మంచం ఎక్కినవాళ్లు చదివితే, దిగొచ్చని తెలుస్తుంది.

*డెబ్బై నాలుగు, వానాకాలం*

నేను బాలానగర్ వైపు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ట్రేసర్‌ని. అంటే ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మను పల్చటి గుడ్డ మీదికి నల్ల సిరాతో దింపే మనిషిని. చెయ్యి వెంట్రుకవాసి వణికితే గుడ్డంతా పాడు. నా గీత చూసి స్కేళ్లే తమను తాము సరిచేసుకుంటాయని చెప్పుకునేవాణ్ణి. నాలుగుతో భాగించినా అందులో ఎంతో కొంత మిగులుతుంది. భార్య సుభద్ర, ఎనిమిదేళ్ల కూతురు చిట్టి, నేను, ముగ్గురం ఆ చేతి మీదే బతుకుతున్నాం.

మూసాపేటలో యాదగిరి ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఊరు దాటి పడమరగా సైకిలు తొక్కితే బండరాళ్లు, సీతాఫలం పొదలు, మళ్లీ బండరాళ్లు. మాదాపురం దిక్కున నక్కలు రోడ్డు మధ్యలో కూర్చుని మన సైకిలు బెల్లు బాగుందో లేదో చూసేవి. ఆ దారిలోనే యాదగిరి వాళ్ల తాతల నాటి కుంట ఒకటి ఉంది. ఎండాకాలం గేదెలకి, వానాకాలం కప్పలకి తప్ప ఎవరికీ పనికొచ్చేది కాదు.

సుభద్రది గోదావరి ఒడ్డు. ఐసులో పడుకుని రైలెక్కి హైదరాబాదు వచ్చిన చేపను చూస్తే దానికి దండ వెయ్యాలనిపిస్తుంది గాని ఉప్పూ కారం వెయ్యాలనిపించదనేది. పెళ్లైన పదేళ్లకి ఆమె అడిగిన ఒకే ఒక్క కోరిక బతికున్న చేప. నాకు రోషం వచ్చింది. యాదగిరితో మాట్లాడాను. కుంట అతనిది, చేపపిల్లలు నావి, పెరిగిన చేపల్లో చెరి సగం.

"చేపలల్ల ఏమున్నది సారు, నీళ్లుంటె అవే పెరుగుతయి," అన్నాడు యాదగిరి. "మంచిగ పెంచుండ్రి. మిరుగు నాటికి మూసాపేట మూసాపేటంత మన కుంట చేపలే తినాలె."

మిరుగు అంటే మృగశిర కార్తె. తొలకరికి ముందు ఆ రోజున ఒక్క ముక్కైనా చేప నోట్లో పడితే ఏడాదంతా రోగం రాదని ఇక్కడివాళ్ల గట్టి నమ్మకం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కుండల్లో తెచ్చి వదిలిన పిల్లలు తవుడూ చెక్కా తిని పెరగడం మొదలుపెట్టాయి. ఎంత పెరిగాయంటే, అవి ఒకేసారి పక్కకి ఒత్తిగిలితే కుంట నీళ్లు గట్టు దాటేవి. అన్నిట్లోకీ పెద్దదైన బొచ్చె చేపకి నేను సర్పంచి అని పేరు పెట్టాను. అందరి తవుడూ అదే తినేది, అడ్డొచ్చిన వాళ్లని తోకతో కొట్టేది. నా చేతిలో తవుడు బుట్ట చూస్తే నిలబడి నమస్కారం పెట్టేది. దీపావళికి అది మూరన్నర ఉంది. కొన్నాళ్లకి దాని తోక నల్లబడింది, వెన్ను కొంచెం వంగింది. యాదగిరి అనుమానంగా చూశాడు.

"ఇదేంది సారు, గిట్ల వంకరవోయింది?"

"పదవి బరువు," అన్నాను.

ఆ జవాబుకి నేనే గంటసేపు మురిసిపోయాను. ఈ రోజున ఆలోచిస్తే ఆ చేప నాతో చెప్పగలిగినంతా చెప్పింది. నల్లతోక చూపించింది, వంగిన నడుం చూపించింది. నేను జోకు వేశాను.

*కార్తీకం వెళ్లాక*

మా ఇళ్లల్లో చేపల పులుసు వడ్డించడానికి ఒక రాజ్యాంగం ఉంది. తలకాయ ముక్క ఇంటిపెద్దది. నడుం ముక్కలు పిల్లలకి, తోక ముక్క వండినావిడకి. మా నాన్న బతికున్నన్నాళ్లు తలకాయ ఆయన కంచంలోకి వెళుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన సింహాసనం. అలాంటిది నా కుంట, నా చేపలు, నా తలకాయలు. ఆదివారం, బుధవారం, శుక్రవారం. మొప్పలు చప్పరించి, పుర్రె నమిలి, అందులో మెత్తటి గుజ్జు పీల్చి, చివరికి ఎముక పిప్పి మాత్రం వదిలేవాణ్ణి. ఆ పిప్పిని చూసి మా వీధి పిల్లి ఉత్తచేతులతో వెనక్కి వెళ్లేది.

చిట్టికి చేప కన్ను కావాలి.

"నాన్నా, ఒక్క కన్ను. రెండోది నువ్వే తిను."

"కన్ను తలకాయలో భాగం. తలకాయ నాన్నది. నీ పెళ్లయ్యాక మీ ఆయన్ని అడుగు."

"ఆయనా మీలాగే అంటాడు," అంది సుభద్ర, తోక ముక్కలోంచి ముళ్లు తీసుకుంటూ.

ఇవ్వలేదు. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఈ వ్యాసంలో నాకు సిగ్గుగా ఉన్న చోట్లు రెండు. రెండోది ముందుంది. మొదటిది ఇదే, కానీ దీని గురించి నేను కొంచెం గర్వంగా కూడా ఉన్నాను. ఎందుకో చెబుతాను.

*మాఘం*

మొదట నోరు చెడింది. పొద్దున లేచేసరికి ఎవరో నా నాలుక కింద పాత రాగి బిళ్ల పెట్టి మర్చిపోయినట్టు ఉండేది. తర్వాత కడుపు. ఆ నొప్పిని వర్ణించాలంటే నాకే మాటలు చాలలేదంటే మీరు అర్థం చేసుకోవచ్చు. పేగుల్ని తడిబట్టలా ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండినట్టుండేది. నేను పెట్టిన కేకకి కోకాపేటలో గొర్రెల మంద బెదిరి పరిగెత్తిందని యాదగిరికి చెప్పాను. నాలుగుతో భాగిస్తే మూసాపేట పొలిమేర దాకా వినబడి ఉంటుంది. ఇక దొడ్డికి వెళ్లే సంగతి మర్యాదగా చెప్పాలంటే, వారానికొక పండగ.

ఫ్యాక్టరీ దవాఖానలో గులాబీ రంగు మందు పోశారు. అక్కడి బెంచీ మీద నాకంటే ముందు కూర్చున్న వాళ్ల పిల్లలకి పెళ్లిళ్లయ్యే దాకా నా వంతు వచ్చేది కాదు. యాదగిరి వాళ్లమ్మ దిష్టి తీసింది. తిప్పిన మిరపకాయలు నిప్పులో వేసినా ఘాటు రాలేదని, అంటే పెద్ద దిష్టేనని ఆమె అంది. "గంత పెద్ద చేపలు పెంచితె కండ్లు పడవా బిడ్డా," అని నా తల నిమిరింది. దిష్టి చేపలకి తగలాలి గాని నాకెందుకు తగిలిందో ఆమె చెప్పలేదు.

ఫాల్గుణంలో పట్నంలో పెద్ద దవాఖానకి వెళ్లాం. అక్కడ ఒక ముసలి డాక్టరు గారు నా పొట్ట నొక్కలేదు, నాలుక చూడలేదు. పెదవి కిందకి లాగి చిగుళ్ల వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత కుర్రడాక్టర్లను పిలిచారు. చిగురూ పన్నూ కలిసేచోట నీలిరంగు గీత ఉందట. సన్నగా, తిన్నగా, ఎక్కడా తెగకుండా. నేను ట్రేసర్‌ని కదా, అద్దంలో చూసుకుని మెచ్చుకున్నాను. ఆ రోజు పదిహేనుమంది కుర్రడాక్టర్లు వరసగా వచ్చి నా పెదవి కిందకి లాగి చూశారు. పెళ్లిలో కూడా నన్ను అంతమంది చూడలేదు.

"సీసం," అన్నారు డాక్టరు గారు. "అచ్చాఫీసులో పనా? రంగులు వేస్తారా?"

"కాదండి. ట్రేసర్‌ని. సిరా."

"అయితే ఇంట్లో చూడండి. ఏదో దారిన లోపలికి పోతోంది. వంటగిన్నెలకి కళాయి వేయిస్తారా? తగరం పేరు చెప్పి సీసం పూసేవాళ్లుంటారు. చింతపండు పులుసు పోస్తే అది కరిగి కూరలోకి దిగుతుంది." నన్ను వెంటనే వార్డులో చేరమన్నారు.

చేపలకి తవుడు వెయ్యాలని చెప్పి తప్పించుకుని వచ్చేశాను.

*ఉగాదికి అటూ ఇటూ*

నాకు సాయానికని బెజవాడ నుంచి మా అక్కయ్య దిగింది. కళాయి మాట వినగానే వంటింట్లోకి వెళ్లి సుభద్ర పులుసు కాచే ఇత్తడి గిన్నె బయటికి తెచ్చి నడిబజారులో దొంగను నిలబెట్టినట్టు గుమ్మంలో పెట్టింది.

"పులుసు మర్నాటికి రుచి అని రాత్రంతా ఇందులోనే ఉంచుతావా?"

"మా అమ్మా అలాగే ఉంచేది, వదినా. మీ అమ్మగారూ అలాగే ఉంచారు."

"మా అమ్మ ఎవరికీ చెయ్యి పడేలా చెయ్యలేదు," అంది అక్కయ్య. అప్పటికి నా చెయ్యి పడలేదు. కొంచెం లాగుతోందంతే. మా అక్కయ్య కూడా నా రక్తమే, ఒక నెల ముందుకి పెంచి చెప్పింది.

సుభద్ర నా వైపు చూసింది. ఇదీ సిగ్గుపడాల్సిన రెండోచోటు. నేను పేపరు చదువుకుంటున్నట్టు నటించాను. గిన్నె తప్పు కాకపోతే ఇంక మిగిలేది చేపలే. నా చేపల మీద నింద పడితే నేను భరించలేను, సుభద్ర మీద పడితే సర్దుకుపోగలను. అప్పట్లో నా లెక్క అలా ఉండేది.

ఆమె ఏడవలేదు. ఇత్తడి గిన్నె అటకెక్కించింది. మట్టి కుండ తెచ్చి అందులో పులుసు కాయడం మొదలుపెట్టింది. నేను తలకాయలు తింటూనే ఉన్నాను. ఉగాది వెళ్లింది. మట్టికుండ పులుసు మూడోవారంలో పడింది.

ఒక పొద్దున ఆఫీసులో బల్ల ముందు నిలబడి పెన్ను సిరాలో ముంచి గీత మొదలుపెట్టబోయాను. చెయ్యి లేవలేదు. మోచెయ్యి లేచింది, మణికట్టు నుంచి కింద ఉన్న భాగం మాత్రం కిందకే చూస్తూ వేలాడింది. వేళ్లు ముడుచుకుంటాయి, పట్టుకుంటాయి, కానీ అరచెయ్యి పైకి లెమ్మంటే లేవదు. పెన్నులోంచి సిరా చుక్క పడి ఎవరిదో నెల్లాళ్ల పని మధ్యలో నల్లటి సూర్యుడు ఉదయించాడు. మా డ్రాయింగు ఆఫీసులో పన్నెండుమంది ఉంటాం. ఎవ్వరూ నవ్వలేదు. నేనున్న చోట ఎవరూ నవ్వని రోజు నాకదే మొదటిది. పక్క బల్ల ఆయన నా పెన్ను తుడిచి పెట్టెలో పెట్టి, పెట్టె నా సంచిలో పెట్టాడు. ఆ పెట్టె మూత మూసిన చప్పుడు విని నాకు మొదటిసారి భయం వేసింది.

రెండు నెలలు సెలవు. ఆ తర్వాత ఏమిటో మేనేజరు చెప్పలేదు, నేనూ అడగలేదు. గీత గియ్యలేని ట్రేసర్‌ని ఏ ఫ్యాక్టరీ ఉంచుకుంటుంది?

ఆ సాయంత్రం సుభద్ర మంచం పక్కన కూర్చుంది.

"ఏవండీ, గిన్నె మార్చాను కదా."

"ఊఁ."

"నీళ్లు మేమూ తాగుతున్నాం, మీరూ తాగుతున్నారు. బియ్యం ఒకటే. ఉప్పు ఒకటే. మీరొక్కరే తినేది ఏవుంది ఈ ఇంట్లో?"

నేను వేలాడే చెయ్యిని రెండో చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె కుంట దగ్గరికి వెళ్లింది. కుంటలోకి నీళ్లు వచ్చే చిన్న కాలవ పట్టుకుని పైకి నడిచింది. యాదగిరి వెనకాల పడ్డాడు. ముళ్లపొదల వెనకాల రేకుల షెడ్డు కనిపించింది. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి లోపలి సీసం కరిగించి దిమ్మలు పోస్తున్నారట. పెంకులు కడిగిన బూడిదరంగు నీళ్లు తిన్నగా కాలవలోకి. ఎన్నేళ్లుగానో. కుంట గేదెలకే పనికొస్తున్నంత కాలం ఎవరూ అటు వెళ్లి చూడలేదు.

యాదగిరి ఒప్పుకోలేదు. "వలకు కట్టేటియి సీసం గుండ్లే కదమ్మా. మా తాత జమాన నుంచి గవ్వే. ఎవ్వరికేమైంది?"

"వలని ఎవరైనా పులుసు పెట్టుకున్నారా అన్నా?" అంది సుభద్ర.

యాదగిరి ఈ మాటని తర్వాత మూసాపేటలో కనీసం వందమందికి చెప్పాడు. ఈ వందని భాగించకండి.

*వైశాఖం: టిఫిన్ క్యారియరు*

డాక్టరు గారు మాటల్ని నమ్మరని సుభద్ర ఒక రవ్వ చేప తలని, పచ్చిది, టిఫిన్ క్యారియరు అడుగు గిన్నెలో పెట్టింది. పైగిన్నెలో నాకు పెరుగన్నం. చిట్టిని కూడా తీసుకెళ్లాం, దాని చిగుళ్లు చూపించాలని. ఆ బస్సు ప్రయాణం గురించి రాస్తే పుస్తకం అవుతుంది. ఎండ ముదిరేకొద్దీ చేప తన ఉనికి చాటుకుంది. ముందు మా సీటు ఖాళీ అయింది, తర్వాత ముందుసీటు. దవాఖాన చేరేసరికి బస్సులో మేమూ, తల బయట పెట్టుకుని నడుపుతున్న డ్రైవరూ మిగిలాం.

అక్కడ చీటీల వరస నిజాంపేట దాకా ఉంది. నీడలో బెంచీ మీద చోటు దొరికింది. సుభద్ర చీటీ కోసం వెళ్లింది. నాకు దాహంగా ఉంది, ఎడంచేతిలో క్యారియరు, కుడిచేతిలో టీ గ్లాసు ఉన్నాయి, గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి చెయ్యి తలవాల్చి సగం టీ ఒళ్లో పోసింది. పక్కన కూర్చున్న ముసలామె కాసేపు చూసింది. బీడీ పక్కన పెట్టి లేచి వచ్చింది.

"చెయ్యి పడ్డదా?"

"పడింది, పెద్దమ్మా."

"ఫికర్ చెయ్యకు. నా పెనిమిటికి గూడ పడ్డది. లేచింది." గ్లాసు తీసుకుని నా నోటికి పెట్టింది. నేను తాగుతుంటే క్యారియరు వైపు చూసి ముక్కు మూసుకుంది. "గందుల ఏమున్నది బిడ్డా? పీనుగా?"

"సాక్షి," అన్నాను.

ఆమె మళ్లీ వెళ్లి తన చోట కూర్చుంది. తర్వాత తెలిసింది, ఆమె వచ్చింది ఆ పెనిమిటి కోసమే, అతని చెయ్యి లేవలేదని. నన్ను సర్దడానికి అబద్ధం ఆడింది. నా జీవితంలో నేనిన్ని పెంచి చెప్పాను, ఒక్కటీ ఆమె చెప్పిన దానికి సాటి రాదు.

డాక్టరు గారు క్యారియరు మూత తీసి వెంటనే పెట్టేశారు. కాని కోప్పడలేదు. తలని పరీక్షకి పంపించి, నన్ను అడిగారు.

"చేప మీరు ఒక్కరే తింటారా?"

"అందరం తింటామండి. తలకాయ మాత్రం నాది."

"ఎముకలు కూడా?"

"నమిలి, పిప్పి చేసి," అన్నాను, ఆ స్థితిలో కూడా కొంచెం గర్వంగా.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చేప ఒంట్లోకి వెళ్లిన సీసం ఎక్కువ చేరేది ఎముకల్లో, మొప్పల్లో, పేగుల్లో. కండలో తక్కువ. తక్కువంటే లేదని కాదు, ఈ క్షణం నుంచి ఎవరూ ముట్టుకోవద్దు." తర్వాత చిట్టిని దగ్గరకి పిలిచి పెదవి కిందకి లాగారు.

చిట్టి చిగుళ్లు చూస్తున్నంతసేపూ నేను గోడ మీద ఉన్న బల్లిని చూస్తూ నిలబడ్డాను. అది కూడా కదల్లేదు. ఎంతసేపో చెప్పను, ఎలాగూ భాగిస్తారు.

"ఏం లేదు. శుభ్రంగా ఉన్నాయి. రక్తం కూడా చూద్దాం గాని, నాకు భయం లేదు."

చిట్టి చేపకన్ను ఒక్కటీ తినలేదు. నేను తిననివ్వలేదు. వారానికి మూడు తలకాయలు, ఆరు కళ్లు, నెలల తరబడి అంతా నేనే తిన్నాను. నా తిండిపోతుతనం నా కూతుర్ని కాపాడింది. ప్రపంచంలో ఏ తండ్రీ ఇంత స్వార్థంగా ఇంత గొప్ప త్యాగం చేసి ఉండడు. ఆ రోజే నన్ను చేర్చుకున్న వార్డులో నర్సులకి, ఊడ్చేవాళ్లకి, పక్క మంచం ఆయనకి ఈ సంగతి రోజుకి మూడుపూటలా చెప్పాను. నాలుగోరోజు పక్క మంచం ఆయన తనని వరండాలోకి మార్చమన్నాడు.

*మిరుగుకి వారం ముందు*

పరీక్ష ఫలితం వచ్చింది. తలలో సీసం ఉంది, తినదగ్గ దానికంటే ఎన్నో రెట్లు. నాకు సూదులు మొదలయ్యాయి. మధ్యలో రెండురోజులు ఇంటికి పంపించారు. ఆ రెండురోజుల్లో కుంట సంగతి తేలాలి, ఎందుకంటే మిరుగు వస్తోంది. యాదగిరి వాళ్ల బంధువులు, మా వీధివాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు, అందరూ నా చేపలకి చెప్పి ఉంచారు. ఏడాదంతా రోగం రాకుండా ఉండాలని ఆ రోజు నా కుంట చేప తినబోతున్నారు.

యాదగిరి గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "మస్తు పరేషాన్ అయితది సారు. అందరికి మాటిచ్చిన."

అప్పుడు నేనేం చేశానో చెబుతాను, శ్రద్ధగా వినండి. నేను పలుగు అందుకున్నాను. కుంటకి ఎగువన, నీళ్లు ఊరని గట్టి నేలలో గుంట తవ్వడం మొదలుపెట్టాను. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా తవ్వాను. నా దెబ్బకి బండలు పగిలి నిప్పురవ్వలు లేచాయి. మనిషిలోతు, రెండెడ్లబండి పట్టేంత గుంట. యాదగిరి వల లాగాడు. ఒక్కొక్క చేపనూ గుంటలో వేసి సున్నం చల్లి, మన్ను కప్పి, పైన కుక్కలు తవ్వకుండా ముళ్లకంప పరిచాను. చివరికి సర్పంచి వచ్చాడు, మూరన్నర కాదు, ఇప్పుడు రెండు మూరలు. వంగిన నడుంతో నా వైపు చూశాడు. ఒక్క చేప బయటికి పోనివ్వలేదు. ఆ ఏడాది మిరుగుకి మూసాపేట నా మీద పళ్లు నూరుతూ కోడి తిన్నది.

వాళ్లలో ఎవరి చెయ్యీ పడలేదు. అది నా గర్వం.

*తర్వాత*

షెడ్డు దగ్గరికి సుభద్ర, యాదగిరి, ఊరి పెద్దమనుషులు వెళ్లారు. డాక్టరు గారి కాగితం చూపించారు. కొన్నాళ్లకి షెడ్డు లేచిపోయింది. ఎక్కడికి లేచిపోయిందో తెలియదు. అక్కడ కూడా ఏదో కుంట ఉండే ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం.

చెయ్యి చాలా నిదానంగా వచ్చింది. శ్రావణంలో మణికట్టు వేలెడు లేచింది. వినాయకచవితికి టీ గ్లాసు ఒలకకుండా నోటిదాకా వచ్చింది. ఆ రోజు ఆ ముసలామె కోసం దవాఖాన బెంచీలన్నీ వెతికాను, కనిపించలేదు. దసరాకి పెన్ను పట్టుకున్నాను. నేను గీసిన మొదటి గీత మూసీలా వంకర్లు పోయింది. మేనేజరు సెలవు పొడిగిస్తూ వచ్చాడు. పక్క బల్ల ఆయన నా పనిలో సగం తను చేసి నా పేరు రాసేవాడని చాలా రోజులకి తెలిసింది. మళ్లీ ఉగాదికి నా గీత తిన్నగా వచ్చింది. స్కేలు పెట్టి చూసుకున్నాను.

అక్కయ్య వెళ్లేముందు అటక మీది ఇత్తడి గిన్నె తనే దింపి, తనే చింతపండు పెట్టి తోమింది. సుభద్రకి ఏమీ చెప్పలేదు. మా వంశంలో క్షమాపణ అంటే అదే. నేను మాత్రం నోటితోనే చెప్పాను.

*ఆఖరి సంగతి*

ఇదంతా రాసి సుభద్రకి చదవమని ఇచ్చాను. ఆమె తీరిగ్గా చదివింది. "సర్పంచి అంత పొడుగేం కాదండీ, మూరకి కాస్త ఎక్కువ," అంది. "బస్సులో ఇంకా ఆరుగురు ఉన్నారు," అంది. గుంట తవ్విన చోటికి వచ్చింది. అక్కడ ఏమీ అనలేదు. పేజీ తిప్పింది.

అందుకని ఇది కూడా రాస్తున్నాను. పెంచడం వేరు, కల్పించడం వేరు. చేపలు, కేకలు, చీటీల వరస, ఇవన్నీ ఉన్నవే, నేను సాగదీశాను. నేను కల్పించింది ఒక్కటే, ఆ గుంట నేను తవ్వానన్నది. మీరు కాస్త ఆలోచించి ఉంటే పట్టుకునేవాళ్లు. టీ గ్లాసు ఎత్తలేని చెయ్యి పలుగెలా ఎత్తుతుంది?

తవ్వింది సుభద్ర. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, బండి పట్టేంత కాదు గాని నడుంలోతు గుంట, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆమే తవ్వింది. నేను గట్టు మీద కూర్చున్నాను. కూర్చుని ఊరుకున్నానా అంటే అదీ లేదు.

"సుభద్రా, సీసం తలలోనే కదా. తలలు తీసేసి ముక్కలు ఇచ్చేద్దాం. ఏడాది పెంచాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె పలుగు ఆపింది. "చిట్టికి పెడతారా ఆ ముక్క?"

అంతే అంది. మళ్లీ తవ్వుకుంది.

చేపలన్నీ గుంటలో పడ్డాక, సర్పంచి అన్నిటికన్నా పైన పడుకున్నాక, ఆమె నా దగ్గరికి వచ్చింది. నన్ను లేపి గుంట దగ్గరికి తీసుకెళ్లింది. నా కుడి అరచేతిలో గుప్పెడు మన్ను పోసి వేళ్లు ముడిచి, కింద నుంచి మణికట్టు పట్టుకుని గుంట మీదకి చాచింది.

"మొదటి గుప్పెడు మీదే," అంది. "పెంచింది మీరు."

ఆమె పట్టు వదిలింది. చెయ్యి తనంతట తనే కిందకి వాలింది, వేళ్లు విడిపోయాయి, మన్ను సర్పంచి మీద పడింది. అప్పటికి ఆ చెయ్యి చేయగలిగిన పని అదొక్కటే, పట్టుకున్నదాన్ని వదిలెయ్యడం.